ఎల్లాప్రగడ సుబ్బారావు: స్ప్రూ వ్యాధి నుంచి కోళ్ల దాణా వరకు

(తృతీయ బి.ఎస్సీ. విద్యార్థి)

తెలుగువాళ్లలో పుట్టిన గొప్ప శాస్త్రజ్ఞుడెవరని అడిగితే మన విద్యార్థుల్లో చాలామంది డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావుగారి పేరే చెబుతారు. ఆయన ఏం కనిపెట్టారయ్యా అని రెండో ప్రశ్న వేస్తే మాత్రం కొందరు టెట్రాసైక్లిన్ అంటారు, కొందరు క్యాన్సరు మందు అంటారు, కొందరు తల గోక్కుంటారు. మహనీయుల పేర్లు భవనాలకు పెట్టుకుని వారి పనిని మరచిపోవడం మనకు అలవాటే గదా!

ఈ వ్యాసంలో ఆయన జీవితాన్ని నాకు తెలిసిన చోటు నుంచి చూడదలిచాను. మాది వ్యవసాయ కుటుంబం. పొలంతో పాటు గుడ్ల కోళ్ల షెడ్డు కూడా ఉంది. కోళ్ల దాణాలో యాంటీబయాటిక్ మందులు కలపడం ఎప్పుడు, ఎక్కడ మొదలయిందని చదువుతూ వెనక్కి పోతే ఆ దారి తిన్నగా సుబ్బారావుగారి ప్రయోగశాల గుమ్మం దగ్గరకే తీసుకుపోయింది. అక్కడ పుట్టిన ఒక మందు మనిషి పేగు జబ్బును నయం చేసింది. అదే మందు తర్వాత కోడి పేగులోకి చేరి లోకానికి కొత్త చిక్కు తెచ్చిపెట్టింది. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూస్తేనే ఆయన చేసిన పని విలువ మనకు తెలుస్తుందని నా నమ్మకం.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథంగారు, తల్లి వెంకమ్మగారు. తండ్రి అనారోగ్యం వల్ల ఉద్యోగం ముందుగానే విరమించుకోవలసి వచ్చింది. ఇంట్లో లేమి, పిల్లవాడికి చదువు మీద మనసు లేదు. పదమూడో యేట కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు గడిద్దామని ఇంట్లోంచి బయలుదేరాడంటారు. దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. పరీక్ష తప్పిన మిత్రులు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్, ఆ పైన మద్రాసు మెడికల్ కాలేజీ. సన్యసించి రామకృష్ణ మిషన్‌లో చేరిపోవాలని ఒక దశలో ఆయన కోరిక. వైద్యం చదివి జనానికి సేవ చెయ్యమని పెద్దలు మళ్లించారు. వైద్య విద్యకు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు ఆర్థికంగా ఆదుకున్నారు. వారి కుమార్తె శేషగిరిగారినే 1919లో సుబ్బారావుగారు వివాహమాడారు. అవి స్వాతంత్ర్యోద్యమపు రోజులు. గాంధీగారి పిలుపు విని ఆయన ఆపరేషన్ గదిలోకి ఖద్దరు దుస్తులతో వెళ్లారు. శస్త్రచికిత్స ఆచార్యుడైన బ్రాడ్‌ఫీల్డ్ దొరకు అది నచ్చలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. రావలసిన మనిషికి ఎల్.ఎం.ఎస్. పట్టా చేతికొచ్చింది.

ఆయన మనసులో నాటుకున్న ముల్లు వేరే ఉంది. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే వ్యాధితో కొద్దికాలం తేడాలో కన్నుమూశారు. స్ప్రూ అంటే తిన్నది వంటబట్టని జబ్బు. చిన్న పేగు లోపలి గోడ మీద వెంట్రుకల్లాగా లేచి ఉండే ఆంత్రచూషకాలు చదునైపోతాయి. అన్నంలోని సారం రక్తంలోకి చేరదు. విరేచనాలు, నాలుక పూత, రక్తహీనత. మనిషి కళ్లముందే ఎముకలగూడు అవుతాడు. కంచంలో అన్నం ఉన్నా మనిషి ఆకలితో చచ్చే జబ్బన్నమాట. ఆ రోజుల్లో దానికి కారణం తెలియదు, మందూ లేదు.

మద్రాసులో డాక్టర్ లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం బోధిస్తూ కొన్నాళ్లు గడిపిన తరువాత, మామగారి సహాయంతోనూ కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇస్తామన్న తోడ్పాటుతోనూ సుబ్బారావుగారు 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ నగరం చేరారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమాకు చేరారు గాని జేబులో డబ్బు లేదు. మన దేశపు పట్టాతో అక్కడ వైద్యం చెయ్యడానికి వీల్లేదు. అంచేత రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పనికి కుదిరారు. పగలు చదువు, రాత్రి పని. భార్యను ఇక్కడే విడిచి వెళ్లిన ఆ మనిషి మళ్లీ స్వదేశం ముఖం చూడనేలేదు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని దగ్గర ఆయన చేసిన మొదటి పెద్ద పని భాస్వరాన్ని కొలిచే పద్ధతి. 1925లో ప్రచురితమైన ఈ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి మన బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో ఉన్నదే. రక్తంలోగాని మూత్రంలోగాని ఉన్న ఫాస్ఫేటు మాలిబ్డేట్‌తో కలిసి, ఆ పైన క్షయకరణం చెంది నీలిరంగు ఇస్తుంది. నీలం ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. చూడడానికి ఇంతే. ఈ కొలత చేతిలో ఉండబట్టే 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఎ.టి.పి. బయటపడ్డాయి. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ కూడా స్వతంత్రంగా ఎ.టి.పి.ని కనుగొన్నాడు. ప్రాణికోటి శక్తి నాణెం అని మనం పరీక్షల్లో రాసే ఎ.టి.పి. వెనుక ఒక తెలుగువాడి చెయ్యి ఉన్నది. 1930లో పిహెచ్.డి. వచ్చింది. స్థిరమైన ఉద్యోగం మాత్రం హార్వర్డ్ ఇవ్వలేదు.

1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. 1942 నుంచి పరిశోధనాశాఖకు డైరెక్టరు. అప్పటినుంచి చనిపోయేదాకా గడిచిన ఆరేళ్లు ఆయన జీవితంలో పంట ఇంటికొచ్చిన కాలం.

ఆ పంటలో మొదటిది ఫోలిక్ ఆమ్లం. దాని కథలో మనదేశానికి కూడా చోటుంది. లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణీ స్త్రీల రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతుందని 1931లో చూపించింది. ఈస్టులోనూ కాలేయంలోనూ ఏదో పదార్థం ఉన్నది, అదేమిటో తెలియదు. కంటికి కనిపించని పదార్థాన్ని వెతకాలంటే దాన్ని గుర్తుపట్టే సాక్షి కావాలి. అలాంటి సాక్షులు ఇద్దరు దొరికారు. ఒకటి లాక్టోబాసిల్లస్ కేసియై అనే బాక్టీరియా, రెండోది కోడిపిల్ల. ఆ పదార్థం లేని ఆహారంలో బాక్టీరియా పెరగదు. అది లేని దాణా తిన్న కోడిపిల్ల రక్తం పాలిపోయి, ఈకలు సరిగా రాక, గిడసబారిపోతుంది. కాలేయపు సారాన్ని ఒక్కొక్క మెట్టుగా శుద్ధి చేస్తూ, ప్రతి మెట్టులోనూ ఆ పదార్థం మిగిలిందో లేదో బాక్టీరియాను అడిగి తెలుసుకున్నారు. కోళ్ల పోషణలో దిట్టలైన రాబర్ట్ స్టోక్‌స్టాడ్, థామస్ జ్యూక్స్ లెడర్లీలో సుబ్బారావుగారి విభాగంలో ఉండేవారు. 1943లో స్టోక్‌స్టాడ్ కాలేయం నుంచి స్ఫటికాలు తీశాడు. 1945లో సుబ్బారావుగారి నాయకత్వంలో ఒక పెద్ద బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది.

ఆ మందును స్ప్రూ రోగులకు ఇచ్చి చూశారు. పాలిపోయిన రక్తం కోలుకుంది, పుండైన నాలుక మానింది. అన్నదమ్ములను పొట్టన పెట్టుకున్న జబ్బుకు పాతికేళ్ల తరువాత జవాబు దొరికింది. అయితే అది సగం జవాబే.

మిగతా సగం ఎక్కడ దొరికిందో చెప్పేముందు మరి రెండు మందుల పేర్లు చెప్పాలి. ఫోలిక్ ఆమ్లం పనికి అడ్డుపడే అమినోప్టెరిన్‌ను లెడర్లీలోనే తయారుచేశారు. దానితో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకీమియా సోకిన పిల్లల్లో జబ్బును తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గించి 1948లో లోకానికి చూపాడు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. ఇక బోదకాలుకు ఇచ్చే హెట్రజాన్ 1947లో ఆ ప్రయోగశాల నుంచే వచ్చింది. బోదకాలు బాధ ఎలాంటిదో గోదావరి జిల్లాలవారికి ఒకరు చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. పెన్సిలిన్ లొంగదీయలేని సూక్ష్మజీవులు చాలా ఉన్నాయి. వాటికోసం మట్టిలో వెతకాలని సుబ్బారావుగారి విభాగం పూనుకుంది. విస్కాన్సిన్‌లో వృక్షశాస్త్రాచార్యుడిగా పనిచేసి డెబ్భై దాటి రిటైరయిన బెంజమిన్ డగ్గర్‌ను పనిలోకి తీసుకున్నారు. దేశం నలుమూలల నుంచి మట్టి నమూనాలు వచ్చాయి. మిస్సోరీ విశ్వవిద్యాలయంలోని శాన్‌బార్న్ ప్రయోగక్షేత్రం నుంచి వచ్చిన మట్టిలో బంగారురంగు సూక్ష్మజీవి ఒకటి 1945లో దొరికింది. దాని పేరు స్ట్రెప్టోమైసిస్ ఆరియోఫేసియన్స్. అదిచ్చిన మందు ఆరియోమైసిన్, అంటే క్లోర్‌టెట్రాసైక్లిన్. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటిది. కనుగొన్నవాడు డగ్గర్, ఆ అన్వేషణకు దారిచూపి నడిపించినవారు సుబ్బారావుగారు. ఎవరి వాటా వారికివ్వడం న్యాయం.

స్ప్రూ వ్యాధికి మిగతా సగం జవాబు ఈ కుటుంబంలోనే ఉంది. స్ప్రూ రోగి చిన్న పేగులో ఉండకూడని బాక్టీరియా గుంపులుగా పెరుగుతాయని తరువాతి పరిశోధనల్లో తేలింది. అంచేత ఈ జబ్బుకు వైద్యులిచ్చే చికిత్స రెండు మందుల జత: ఫోలిక్ ఆమ్లం, దానితో పాటు కొన్ని నెలలపాటు టెట్రాసైక్లిన్. తన సోదరులను చంపిన జబ్బుకు కావలసిన రెండు మందులకూ బీజం ఒకే మనిషి నడిపిన ప్రయోగశాలలో పడింది! ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు గగుర్పొడిచింది.

ఆరియోమైసిన్ సంగతి 1948 జూలైలో లోకానికి వెల్లడయింది. కొద్ది వారాలకే, ఆగస్టు నెలలో, సుబ్బారావుగారు నిద్రలోనే గుండె ఆగి మరణించారు. వయస్సు యాభై మూడేళ్లు.

అదే సంవత్సరం డిసెంబరులో అదే లెడర్లీలో కోడిపిల్లల మీద మరొక ప్రయోగం జరిగింది. చేసినవారు జ్యూక్స్, స్టోక్‌స్టాడ్. మొక్కజొన్న, సోయా మాత్రమే పెడితే కోడిపిల్లలు సరిగా ఎదగవు. చేపపొడో కాలేయమో కలిపితే ఎదుగుతాయి. అవి ఖరీదైన సరుకులు. అందులోని గుట్టు బి-12 విటమిన్ అని 1948లోనే తెలిసింది. ఆరియోమైసిన్ తీసిన తరువాత మిగిలిన పిప్పిలో బి-12 ఉంటుంది గనుక దాన్ని దాణాలో కలిపి చూశారు. క్రిస్మస్ రోజున జ్యూక్స్ పిల్లలను తూచాడు. పిప్పి తిన్న పిల్లలు కాలేయపు సారం తిన్నవాటిని కూడా దాటిపోయాయి. బి-12 ఒక్కటే అయితే అంత ఎదుగుదల రాకూడదు. పిప్పిలో మిగిలిపోయిన ఆరియోమైసిన్ జాడలే అందుకు కారణమని త్వరలోనే తేలింది. 1950లో ఈ వార్త పత్రికలకెక్కింది. 1951లో అమెరికా ప్రభుత్వం పశుదాణాలో యాంటీబయాటిక్కులకు అనుమతినిచ్చింది. పెరుగుదల కోసం కోళ్ల దాణాలో టన్నుకు పది నుంచి యాభై గ్రాములు చాలు. జబ్బును నయంచేయడానికి అది చాలని మోతాదు.

ఇంత కొద్ది మందుకు కోడి ఎందుకు పెరుగుతుంది? కోడి చిన్న పేగులోనూ, దాని చివర ఉండే రెండు అంధనాళాల్లోనూ బాక్టీరియా కోటానుకోట్లు. అంధనాళంలోని ఒక్క గ్రాము పదార్థంలో వెయ్యి కోట్లకు పైమాటే. వీటిలో మేలుచేసేవి ఉన్నాయి. జీర్ణంకాని పీచును పులియబెట్టి బ్యుటిరేట్ వంటి ఆమ్లాలిచ్చి పేగు గోడను పోషిస్తాయి. వాటాదార్లూ ఉన్నాయి, కోడి తిన్నదాన్ని తామూ తింటాయి, పిత్తలవణాలను విడగొట్టి కొవ్వు జీర్ణం కాకుండా అడ్డుపడతాయి. క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ వంటి దొంగలూ ఉన్నారు. అదనుచూసి పేగును కుళ్లబెడతారు. వీటితో నిత్యం పోరాడే పేగు గోడ దళసరెక్కుతుంది, దాణాలోని సారంలో కొంత ఆ కాపలాకే ఖర్చయిపోతుంది. కొద్దిపాటి యాంటీబయాటిక్ ఈ గుంపును అదుపు చేస్తుంది. పేగు గోడ పలచబడి సారం సులువుగా లోపలికి పోతుంది, వాపు తగ్గుతుంది. ఇందులో ఏది ఎంత వంతు అన్నదానిపై శాస్త్రజ్ఞుల్లో భేదాభిప్రాయాలున్నాయి. అసలు కీలకం బాక్టీరియాలోనే ఉందన్నది మాత్రం ఇంగ్లండులోని రీడింగ్‌లో 1963లో రుజువయింది. సూక్ష్మజీవి అన్నదే సోకకుండా పెంచిన కోడిపిల్లలకు పెన్సిలిన్ పెడితే అవి అదనంగా పెరగలేదు. శుభ్రమైన కొత్త షెడ్డులో ఈ మందుల ప్రభావం తక్కువగా ఉంటుందని అంతకు ముందే గమనించారు. అంటే కొన్నిచోట్ల మనం మందు పోసి కొంటున్నది శుభ్రతనే!

ఇక నష్టం సంగతి. చావని మోతాదులో మందు రోజూ తగులుతుంటే బాక్టీరియాలో లొంగనివి మిగిలి, వాటి సంతతే పేగు నిండా పరుచుకుంటుంది. నిరోధక జన్యువులను అవి పక్క బాక్టీరియాకు కూడా అందిస్తాయి. 1976లో డాక్టర్ స్టూవార్ట్ లెవీ ప్రచురించిన ప్రయోగం ప్రసిద్ధమైనది. మసాచుసెట్స్‌లోని ఒక చిన్న ఫారంలో కోళ్లకు ఆక్సీటెట్రాసైక్లిన్ కలిపిన దాణా పెట్టారు. కొద్ది రోజుల్లోనే కోళ్ల పేగుల్లోని ఇ.కోలై మందుకు మొండికేసింది. కొన్ని నెలలకు, ఆ మందు మింగకపోయినా, ఫారంలో కాపురముండే కుటుంబసభ్యుల పేగుల్లో కూడా మొండి బాక్టీరియా కనిపించింది. చుట్టుపక్కల ఇళ్లవారిలో అలా లేదు. షెడ్డు పక్కనే ఇల్లున్న మాబోటివాళ్లకు ఈ సంగతి పుస్తకంలో పాఠంలాగా చదివి పక్కన పెట్టేది కాదు. దాణా పోసేది, రెట్ట ఎత్తేది, పొలానికి ఎరువుగా తోలేది మేమే.

దేశాలు ఒక్కొక్కటిగా మేలుకున్నాయి. పెరుగుదల కోసం యాంటీబయాటిక్కులు వాడడాన్ని స్వీడన్ 1986లో నిషేధించింది. 2006 జనవరి 1 నుంచి యూరోపియన్ యూనియన్ అంతటా నిషేధం. డెన్మార్కులో మందులు మానినా బ్రాయిలర్ల పరిశ్రమ కుప్పకూలలేదు. అమెరికాలో మనుషుల వైద్యానికి ముఖ్యమైన మందులను పెరుగుదల కోసం దాణాలో వాడడం 2017లో ఆగిపోయింది. మనదేశంలో ఆఖరి అస్త్రంగా దాచుకోవలసిన కొలిస్టిన్‌ను ఆహారం కోసం పెంచే జంతువులకు, కోళ్లకు వాడకూడదని 2019లో నిషేధించారు.

ఈ తప్పులో సుబ్బారావుగారికి భాగం ఉందా? లేదు. కోడిపిల్లలను తూచేనాటికి ఆయన లేరు. జ్యూక్స్, స్టోక్‌స్టాడ్ కూడా చెడు తలపెట్టలేదు. పేదవాడికి మాంసం, గుడ్డు చవకగా అందాలన్నదే అప్పటి ఆశ. రైతును తప్పుపట్టడమూ తేలికే. మొక్కజొన్న ధర పెరిగి గుడ్డు ధర పడిపోయినప్పుడు, కోడి రెండు గ్రాములు ఎక్కువ బరువు తూగుతుందంటే ఏ రైతయినా చెవి ఒగ్గుతాడు. మా నాన్నగారి లాంటివారికి నీతిబోధ కన్నా లెక్క కుదిరే దారి చూపాలి.

ఆ దారి సుబ్బారావుగారి పనిలోనే కనిపిస్తుందని నాకనిపిస్తుంది. ఫోలిక్ ఆమ్లం వెతికినప్పుడు ఆ బృందం బాక్టీరియాను చంపలేదు. నీకేం కావాలని దాన్నే అడిగింది. కోడిపిల్లనూ అదే అడిగింది. నేటి పరిశోధన మళ్లీ ఆ ప్రశ్న దగ్గరకే వచ్చింది. 1973లో ఫిన్లాండులో నూర్మి, రంతాలా అప్పుడే పొదిగిన పిల్లలకు పెద్దకోడి పేగులోని పదార్థం పట్టిస్తే సాల్మొనెల్లా నిలవలేకపోయిందని చూపారు. గంప కింద పిల్లలు తల్లివెంట పెంటకుప్ప గీకుతూ సహజంగా పొందేది అదే. యంత్రంలో పొదిగిన పిల్లకు తల్లి లేదు గనుక ఆ ఆస్తి కూడా రాదు. ఆ లోటు తీర్చడానికే ఇప్పుడు లాక్టోబాసిల్లస్, బాసిల్లస్ జాతుల ప్రోబయాటిక్కులు, సేంద్రియామ్లాలు, ఎంజైములు వచ్చాయి. వీటి ఫలితం షెడ్డు షెడ్డుకూ మారుతుంది. మంచి నీరు, పొడి లిట్టరు, గాలి, టీకాలు లేకుండా ఇవి అద్భుతాలేమీ చేయవు. గింజల్లోని భాస్వరంలో మూడింట రెండు వంతులు ఫైటేట్ రూపంలో చిక్కుకుని కోడికి అందదు. దాన్ని విడిపించే ఫైటేజ్ ఎంజైము 1991లో మార్కెట్‌లోకి వచ్చింది. ఆ ఎంజైము ఎంత ఫాస్ఫేటును విడిపించిందో కొలిచే నీలిరంగు పద్ధతుల్లో ఫిస్కే-సుబ్బారావు పద్ధతి ఒకటి!

1995లో, ఆయన శతజయంతి సంవత్సరంలో, మన ప్రభుత్వం ఒక తపాలాబిళ్ల విడుదల చేసింది. ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. ఈ గౌరవాలన్నీ మంచివే. ఆయన వదిలిపోయిన మందులు మన మనుమల కాలానికి కూడా పనిచేసేలా కాపాడుకోవడం అంతకన్నా పెద్ద గౌరవం. జ్వరానికి రెండు మాత్రలు మింగి మానేసే మనమూ, దాణాబస్తాలో ఏం కలిసిందో అడగని మనమూ ఆ పనికి బాధ్యులమే. సైన్సు చదివే మిత్రులు సెలవులకు ఊరు వెళ్లినప్పుడు దాణాబస్తా మీది చీటీ ఒకసారి చదివి, అందులో ఏముందో ఇంట్లో పెద్దలకు విడమరచి చెప్పగలిగితే, భీమవరంలో పుట్టి పెర్ల్ రివర్‌లో కన్నుమూసిన ఆ తెలుగువాడి రుణం కొంతైనా తీర్చుకున్నవాళ్లమవుతాం.